అమ్మ నోట్లో కియారా కీర అయింది

మా చెల్లె కూతురికి ఇరవై ఒకటో రోజు పేరు పెట్టారు. నల్లగండ్లలో వాళ్ల అపార్ట్‌మెంట్ కింద హాల్లో బెలూన్లు కట్టి, గులాబీ రంగు తెర వేసి, దాని మీద థర్మాకోల్ అక్షరాలతో పాప పేరు అంటించారు. తెర ముందు మాత్రం మా ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే ఉన్నాయి. ఇత్తడి పళ్లెం, అందులో బియ్యం, రాయడానికి బంగారు ఉంగరం. పాపది మృగశిర నాలుగో పాదం, అక్షరం 'కీ' అని పంతులు ముందే చెప్పాడు. ఆ అక్షరం పట్టుకుని చెల్లె, వాళ్లాయన ఫోన్లో రెండు వారాలు వెతికి 'కియారా' తేల్చారు. ఆయన ఉంగరంతో బియ్యంలో ఇంగ్లీషు అక్షరాలు రాశాడు. మా అమ్మకు తెలుగు చదవడమే వచ్చు. పళ్లెం మీదికి వంగి చూసి, "ఏం రాసిండు బిడ్డా?" అని నన్నడిగింది.

చెప్పాను. పాప చెవిలో మూడుసార్లు పేరు చెప్పమని పంతులు అమ్మమ్మను పిలిచాడు. అమ్మ పాపను దగ్గరికి తీసుకుని, "కీరా, కీరా, కీరా" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. చెల్లెకు మొహం ఎర్రబడింది. "కీరా దోసకాయ కాదమ్మా, కి-యా-రా" అంది. అమ్మ మళ్లీ ప్రయత్నించింది. 'కేరా' అంది, 'కియర' అంది. తర్వాత ఊరుకుంది.

ఆ రోజు నుంచి అమ్మ ఆ పిల్లను పేరు పెట్టి పిలవడం మానేసింది. బుజ్జీ అంటుంది, బిడ్డా అంటుంది, వీడియో కాల్‌లో "ఏం చేస్తుంది పిల్ల?" అని అడుగుతుంది. తప్పు పలికితే కూతురు చిన్నబుచ్చుకుంటుందని భయం. సొంత మనవరాలి పేరు పలకడానికి అమ్మమ్మ జంకడం చూసి నాకు చాలా బాధేసింది. ఆ బాధతోనే ఈ పేరు సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

పిల్లల పేర్ల వెబ్‌సైట్లలో కియారాకు రకరకాల అర్థాలు ఉన్నాయి. తొలి సూర్యకిరణం అంటుంది ఒకటి, స్వచ్ఛమైనది అంటుంది ఇంకొకటి, నల్లని జుట్టు గలది అంటుంది మరొకటి. ఒకే పేరుకు వెలుగు, నలుపు రెండూ అర్థాలు ఎలా అయ్యాయి అని చూస్తే, అక్కడ నిజానికి రెండు పేర్లున్నాయి. ఒకటి ఇటాలియన్ వాళ్లది. వాళ్లు క్యారా అంటారు. లాటిన్ 'క్లారా' నుంచి వచ్చింది, వెలుగు, తేటదనం అని అర్థం. పదమూడో శతాబ్దంలో అసీసీ పట్టణంలో ఉన్న సెయింట్ క్లేర్ సొంత భాషలో క్యారానే. రెండోది ఐర్లండ్ వాళ్లది. వాళ్ల భాషలో 'కియర్' అంటే నలుపు. నల్లని పిల్ల అని అర్థం వచ్చే ఆడపిల్ల పేరు అది. మన కృష్ణ, మన కాళి, మన నల్లమ్మ ఏ అర్థంతో వచ్చారో ఆ పేరూ అదే అర్థంతో వచ్చింది.

ఆ ఐరిష్ పేరును ఐర్లండ్‌లో ఎలా పలుకుతారో విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వాళ్లు 'కీర' అంటారు. మా అమ్మ అన్నట్టే!

ఇంకో సంగతి నేను మరిచేపోయాను. మన దగ్గర కీరం అంటే చిలుక. కీరవాణి అంటే చిలుక పలుకుల అమ్మాయి. కర్ణాటక సంగీతంలో ఇరవై ఒకటో మేళకర్త రాగం పేరు కూడా అదే. పంతులు చెప్పిన 'కీ' అక్షరం దీర్ఘంతో సహా ఉన్నది కియారాలో కాదు, అమ్మ పలికిన కీరలోనే. నవ్వులపాలైంది అమ్మ, సరిగ్గా పలికిందీ అమ్మే.

ఈ విషయం మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలంటే నా సొంత కథ చెప్పాలి. నా పేరు మల్లికార్జున్. పెళ్లయిన ఆరేళ్లకు అమ్మ, బాపు కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంటే పుట్టానట. 2005లో హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్‌లో చేరాను. వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనింగ్ మూడో రోజు ట్రైనర్ వైట్‌బోర్డు మీద వరుసగా పేర్లు రాశాడు. జేసన్, బ్రయన్, ర్యాన్, కెవిన్. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవాలి. మల్లికార్జున్ అంటే కస్టమర్ ఫోన్ పెట్టేస్తాడు అన్నారు. నేను కెవిన్ తీసుకున్నాను. రెండేళ్లపాటు రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా నేను కెవిన్‌నే. క్యాబ్‌లో కూడా అదే పేరుతో పిలుచుకునేవాళ్లం.

ఒకసారి బాపు ఊరి నుంచి వస్తే ఇద్దరం కలిసి కూకట్‌పల్లి రైతు బజార్‌కు పోయాం. టమాటాలు ఏరుతుంటే వెనక నుంచి మా టీమ్ అబ్బాయి "కెవిన్!" అని కేకేశాడు. నేను చటుక్కున తిరిగాను. అతను పోయాక బాపు అడిగాడు, "గాయన నిన్ను ఏమని పిలిచిండు?" ఆఫీసులో పెట్టిన పేరు బాపూ అన్నాను. "ఎవరి పేరది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మళ్లీ అడగలేదు. సంచి పట్టుకుని నాకంటే ముందు నడిచాడు.

ఎవరి పేరు? మా వైపు పిల్ల పుట్టిందంటే మొదట అడిగేది ఈ మాటే. అర్థమేంటి అని ఎవరూ అడగరు, "ఎవరి పేరు పెట్టిన్రు?" అంటారు. తాత పేరో, ముత్తవ్వ పేరో, ఇంటి దేవుడి పేరో. కొమురవెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్యలు, ఐలోని మల్లన్న పేరు మీద ఐలయ్యలు, ఐలమ్మలు, యాదగిరిగుట్ట పేరు మీద యాదయ్యలు, యాదగిరులు, మేడారం తల్లుల పేరు మీద సమ్మయ్యలు, సారయ్యలు. దర్గాకు మొక్కుకుని కన్న హిందువుల ఇళ్లలో మస్తాన్, దస్తగిరి, ఉసేనయ్య. మామ పేరు పెట్టిన కొడుకును కోడలు ఆ పేరుతో గట్టిగా పిలవలేదు, కోపమొచ్చినా ఆ పేరు పెట్టి తిట్టలేదు. అందుకని ఇంట్లో ఇంకో ముద్దు పేరు పుట్టేది. పేరు వెనక మనిషి ఉన్నాడన్న ఎరుక అంత బలంగా ఉండేది.

పెంటయ్య, బిచ్చయ్య, తవిటయ్య అనే పేర్లను చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి ఎవరో వేరేవాళ్లు తెచ్చుకున్నట్టు చేసేవాళ్లు. భిక్షగా అడిగి తెచ్చుకున్నామని, గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నామని అనుకునేవాళ్లు. ఈ బిడ్డ విలువలేనిది, దీన్ని వదిలెయ్యి అని చావుకు చెప్పడం అన్నమాట. ఒక తల్లి భయం మొత్తం ఆ రెండు మూడు అక్షరాల్లో ఉంది. ఏ వెబ్‌సైట్ చెప్పే 'దివ్యకాంతి' అయినా ఆ పేరు ముందు నిలబడుతుందా?

కెవిన్ ఎవరి పేరో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది ఇంగ్లీషు పేరే కాదు, ఐరిష్ పేరు. ఆ భాషలో దాన్ని సుమారుగా 'కీవీన్' అని పలుకుతారు. 'కీవ్' అంటే సౌమ్యమైన, ముద్దయిన అని, రెండో భాగానికి పుట్టుక అని అర్థం. చక్కని పుట్టుక గలవాడు. తెలుగులో చెప్పాలంటే సుజాత్. గ్లెండలాఖ్ అనే లోయలో మఠం కట్టుకున్న ఆరో శతాబ్దపు సన్యాసి పేరది. ఇంగ్లండ్ పాలనలో రికార్డులన్నీ ఇంగ్లీషులోకి మారుతుంటే, ఐరిష్ పేర్లను గుమాస్తాల చెవికి ఆనే రూపంలోకి తిప్పేశారు. కీవీన్ కెవిన్ అయ్యాడు. అది కొంత నయం, పేరు పోల్చుకునేటట్టయినా మిగిలింది. కవి అని అర్థం వచ్చే 'టైగ్' అనే పేరున్నవాళ్లను తిమోతి అని రాశారు. డీర్మిద్‌ను జెరెమయా అన్నారు. వెలుగు అని అర్థమున్న 'సొరహ' అనే ఆడపిల్లను సారా చేశారు. అర్థం కలవదు, మూలం కలవదు, వినడానికి ఎక్కడో కాస్త కలిస్తే చాలు. మా ట్రైనర్ వైట్‌బోర్డు మీద రాసిన బ్రయన్, ర్యాన్ కూడా ఐర్లండ్ నుంచి వచ్చినవే. ర్యాన్ అయితే అక్కడ ఇంటిపేరు. మన దగ్గర ముస్లింలు పెట్టుకునే రయ్యాన్ వేరు. అది అరబీ పేరు, ఉపవాసాలు ఉన్నవాళ్లు ప్రవేశించే స్వర్గద్వారం పేరు. ఇంగ్లీషులో రాస్తే పక్కపక్కన ఉంటాయి కానీ రెండింటికీ చుట్టరికం లేదు.

అంటే రాత్రి షిఫ్టులో నా పేరు తీసేసి ఇచ్చిన పేరు కూడా, ఒకప్పుడు ఎవరి దగ్గరో తీసేసి మార్చిన పేరే. ఇంగ్లీషు అనుకుని మనం తెచ్చుకుంటున్న వాటిలో ఎన్నో ఇలాంటివి. వాళ్లకు తగిలిన దెబ్బ మచ్చను మనం నగ అనుకుని పెట్టుకుంటున్నాం.

ఐర్లండ్ వాళ్లు అలాగే ఉండిపోలేదు. 1892లో డగ్లస్ హైడ్ అనే పండితుడు, తమ మీద పడిన ఇంగ్లీషు ముద్రను వదిలించుకోవాలని డబ్లిన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అందులో మనుషుల పేర్ల గురించీ చెప్పాడు. మరుసటి ఏడు ఇంకొందరితో కలిసి ఐరిష్ భాష కోసం గేలిక్ లీగ్ అనే సంఘం పెట్టాడు. 1938లో ఆయనే ఆ దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఇప్పుడు అక్కడ ఎందరో పిల్లలకు ఐరిష్ అక్షరక్రమంతోనే పేర్లు పెడుతున్నారు. 'సర్షా' అనే పేరు అలాంటిదే. స్వేచ్ఛ అని అర్థం. మన స్వరాజ్యం, మన స్వేచ్ఛ లాంటి పేరు. ఆ పేరున్న నటి సర్షా రోనన్ నాలుగుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయింది. పేరెలా పలకాలో ఇంటర్వ్యూల్లో ఓపిగ్గా చెప్పింది కానీ పేరు మార్చుకోలేదు. 2023 మార్చిలో అదే ఆస్కార్ వేదిక మీద కీరవాణి పేరు కూడా చదివారు. నాలుక తిరగలేదని ఎవరూ ఆగిపోలేదు.

పేర్లు ఊళ్లు దాటకూడదని నేను అనడం లేదు. అట్లా అంటే హైదరాబాద్‌లో ఉన్నవాడిని కాను. మెట్రోలో ఎల్బీనగర్ వైపు పోతుంటే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేసిన రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు మీద వచ్చిన పేరది. ముస్లింలు ఆయన్ను మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. 1798లో పోయాడు, సమాధి మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఉంది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టర్‌గా ఉన్న థామస్ మన్రో మీద అభిమానంతో రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. మన్రోకు అప్పను చేర్చి ఇంటి మనిషిని చేసుకున్నారు. పలికే జనం తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నారు కాబట్టి ఆ పేర్లు మనవయ్యాయి. మన క్రైస్తవుల ఇళ్లలో యోహాను, పేతురు, మరియమ్మ కూడా అంతే. జాన్ కంటే మన యోహానే హీబ్రూ మూలానికి దగ్గర. వాటిని ఇంగ్లీషు అనుకరణ అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

అడగాల్సిందల్లా ఎవరి నోటి కోసం ఎవరి పేరు వంగుతోంది అని. దీనికి ఈ ఊళ్లోనే, మా చెల్లె చదివిన కాలేజీలోనే ఒక కథ ఉంది. కోఠి ఉమెన్స్ కాలేజీ ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన రెసిడెంట్, అంటే నిజాం దగ్గర ఉండే ఇంగ్లీషు కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాను పెళ్లాడాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు నూరున్నీసా సాహిబ్ బేగం. 1805లో, నాలుగేళ్ల పిల్లవాడినీ మూడేళ్ల పిల్లనూ ఓడెక్కించి ఇంగ్లండ్‌లో తాత దగ్గరికి పంపారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చనిపోయాడు. మరుసటి ఏడు లండన్‌లో ఆ పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్ అని, క్యాథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. సాహిబ్ బేగం కిటీ అయింది. తల్లి ఆ పిల్లలను మళ్లీ చూడలేదు. 1813లో పోయింది.

ముప్పై ఏళ్లు దాటాక కిటీకి హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నీసా బతికే ఉందని తెలిసింది. ఉత్తరాలు రాసుకున్నారు. మనవరాలు ఇంగ్లీషులో, అమ్మమ్మ ఫారసీలో, మధ్యలో అనువాదం చేసేవాళ్లు. విడిపోయిన రోజు తల్లి ఎట్లా ఏడ్చిందో, ఏ చోట కూర్చుందో తనకింకా గుర్తుందని రాసింది కిటీ. ఇద్దరూ కలుసుకోలేదు. అరోరా అంటే ఉషస్సు. సంస్కృతంలో ఉష, లాటిన్‌లో అరోరా, రెండూ ఒకే పాత మాట నుంచి చీలినవే. అంత దగ్గరి మాట ఉండి కూడా, మనవరాలిని తను ఎరిగిన పేరుతో పిలిచే వీలు అమ్మమ్మకు లేకుండా పోయింది. ఇప్పుడు ఆ ఆవరణ చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఐలమ్మ పేరు మాత్రం ఎవరి నోటి కోసమూ మారలేదు.

చెల్లెతో ఇవన్నీ చెప్పాను. ఆమె వాదన కొట్టిపారేసేది కాదు. వాళ్లాయన నాలుగేళ్లు డాలస్‌లో ఉండి వచ్చాడు. "అక్కడ ఆయన్ను నాలుగేళ్లూ వెంకట అనే పిలిచిన్రన్నా. ఇంట్లో ఒక్కరు కూడా ఆయన్ను అట్ల పిలువరు. రేపు ఇది కూడా పోతది కదా. నోరు తిరగని పేరు పెట్టి దాన్ని ఎందుకు సతాయించాలె?" అంది. ఆ బాధ నిజమే. కానీ వెంకట అనే మాట పలకడం వాళ్లకు కష్టమై వచ్చింది కాదు ఆ చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాసి, దేవుడి పేరు తగిలించి, పిలిచే పేరు చివర పెడతాం. వాళ్ల ఫారాల్లో మొదట ఏముంటే దాన్నే పిలుస్తారు. ఒంటి పేరుతో పాస్‌పోర్టు ఉన్నవాళ్ల వీసాలో పేరు చోట 'ఎఫ్.ఎన్.యు' అని, అంటే పేరు తెలియదు అని పడుతుంది. అది ఫారం తెచ్చిన ఇబ్బంది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు పిలిచే పేరును దాని గడిలో సరిగ్గా రాసుకుంటే తీరుతుంది. దానికి కియారా మందు కాదు. ఎప్పుడో ఇరవై ఏళ్లకు తగిలే పరాయి టీచరో మేనేజరో ఇబ్బంది పడతారని, ఇవాళ ఒళ్లో కూర్చోబెట్టుకున్న అమ్మమ్మను ఇబ్బంది పెట్టడం న్యాయమా అని అడిగాను. చెల్లె ఏమీ అనలేదు.

తొందర కూడా లేదని చెప్పాను. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి, అంతే. పేరు గడి ఖాళీగా ఉంచి ఏడాదిలోగా ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో వీలుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూలుకైనా పాస్‌పోర్టుకైనా ఈ సర్టిఫికెట్టే ఆధారం కాబట్టి అందులో ఏ అక్షరం పడుతుందో ఆలోచించి వేయించడం మంచిది. ఆసుపత్రి వాళ్లు పంపిన వివరాల్లో పాప పేరు ఇంకా లేదు. ఏడాది నిండటానికి ఇంకో నెలన్నర ఉంది.

నిన్న రాత్రి చెల్లె వాట్సాప్‌లో ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు పంపింది, ఒకదాని కింద ఒకటి. ఏది బాగుందని అడగలేదు. "అమ్మకు చూపెట్టు" అని మాత్రం రాసింది. అమ్మ ఈ వారం నా దగ్గరే ఉంది. రెండింటినీ కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి పొద్దున చాయ్ తాగుతుంటే చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని, మొదటిదాని కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. కి... యా... రా.

రెండోది ఒక్కసారే చదివింది. చదివి, ఫోన్ ఇయ్యి అంది.